కాగితమా, డబ్బానా, స్టీలు జల్లెడా? బైక్ ఆయిల్ ఫిల్టర్ ఎంపిక, సొంతంగా ఆయిల్ మార్చుకునే పద్ధతి

బైక్‌కి ఆయిల్ ఫిల్టర్ కొనబోతే కంపెనీ ఒరిజినల్, బయటి బ్రాండ్ కాగితం, సింథటిక్ మీడియా (కాగితం బదులు కృత్రిమ పోగులతో వడకట్టేది), తల మీద నట్టు ఉన్నది, కడిగి మళ్లీ వాడుకునే స్టీలు జల్లెడ అని ఇన్ని కనిపిస్తాయి. వీటిలో ఏది గొప్పదన్న వాదనకు అంతు లేదు. అయితే మామూలు బ్రాండ్ ఫిల్టర్ సరిగా వడకట్టక ఇంజిన్ పోవడం అరుదు. ఫిల్టర్‌ని తిరగేసి పెట్టడం, పాత రబ్బరు రింగు ఊడిరాకుండానే కొత్తది బిగించడం, డ్రెయిన్ బోల్ట్ (ఆయిల్ దించడానికి ఇంజిన్ కింద ఉండే బోల్ట్) మర తినేయడం, ఇవీ ఇంజిన్లను దెబ్బతీసేవి. అందుకే ఈ పోలికలో మైక్రాన్ల (నలుసుల సైజును చెప్పే కొలత, మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే బిగింపుకే ఎక్కువ చోటు ఇచ్చాం.

ముందు తేల్చుకోవాల్సింది: మీ ఇంజిన్‌లో ఉన్న ఏర్పాటు

ఇది మీ చేతుల్లో లేని విషయం. ఇంజిన్ గీసినరోజే నిర్ణయమైపోయింది.

చిన్న ఇంజిన్లలో చాలావాటికి మార్చే ఫిల్టరే ఉండదు. హోండా సూపర్ కబ్ వంశంలో ఏళ్ల తరబడి వచ్చిన ఇంజిన్లు ఇందుకు మంచి ఉదాహరణ. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే ఒక గిన్నెలాంటి రోటర్‌లోకి ఆయిల్ వెళ్తుంది. బరువైన నలుసులు విసురుకు అంచున పేరుకుని మడ్డిగా అతుక్కుంటాయి. పంపులోకి పెద్ద ముక్కలు పోకుండా కింద ఒక వైరు జల్లెడ ఉంటుంది. ఈ రెండింటినీ సుమారు 12,000 కిలోమీటర్లకోసారి కుడివైపు కవరు విప్పి శుభ్రం చేయమని హోండా షెడ్యూళ్లు చెబుతాయి. కవరు విప్పితే కొత్త గాస్కెట్ కావాలి. ఇలాంటి బండికి బిల్లులో ‘ఆయిల్ ఫిల్టర్ మార్చాం’ అని రాసి ఉంటే, ఎక్కడిది మార్చారో ఒక్కసారి అడగండి.

రెండో రకం, ఇంజిన్ పక్కన రెండు మూడు చిన్న బోల్ట్‌లతో బిగించిన మూత వెనక కూర్చునే కాగితపు ఎలిమెంట్. సింగిల్ సిలిండర్ బైకుల్లో ఇదే ఎక్కువ. మూడోది స్పిన్-ఆన్, అంటే బయటికి కనిపించే లోహపు డబ్బా. రెండు, నాలుగు సిలిండర్ల బైకుల్లో ఎక్కువగా చూస్తాం. డబ్బాలోనే కాగితం, వాల్వులు, సీలు అన్నీ ఉంటాయి.

ఏ కొలమానాలతో పోల్చాలి

అన్నిటికంటే ముందు అమరిక. స్పిన్-ఆన్‌లో మర సైజు, గాస్కెట్ వ్యాసం, డబ్బా ఎత్తు మూడూ కలవాలి. జపనీస్ బైకుల్లో చాలావాటికి ఎం20 × 1.5 మర, అంటే వ్యాసం 20 మి.మీ., పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 1.5 మి.మీ. కొన్ని కార్ల ఫిల్టర్లకు ఉండే ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్ల మర వ్యాసం 19.05 మి.మీ., పిచ్ సుమారు 1.59 మి.మీ. కంటికి రెండూ ఒకటే అనిపిస్తాయి, తప్పు జతలో కూడా ఒకటి రెండు చుట్లు తిరుగుతాయి. తర్వాత వదులుగా ఆడటమో, మర తినేయడమో జరుగుతుంది. ‘చేతిలో పట్టింది కదా’ అన్నది పరీక్ష కాదు. పార్ట్ నంబరు కలిస్తేనే కొనండి.

రెండోది బైపాస్ వాల్వు. చలికి ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు, లేదా కాగితం మూసుకుపోయినప్పుడు, ఫిల్టర్‌కి రెండువైపులా ఒత్తిడి తేడా పెరుగుతుంది. సుమారు ఒక బార్ దగ్గర ఈ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నైనా బేరింగులకు పంపుతుంది. ఆయిలే అందకపోవడం కంటే మురికి ఆయిల్ నయం. కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వు ఇంజిన్ బాడీలో ఉంటుంది, కొన్నింటిలో ఫిల్టర్‌లోనే. ఫిల్టర్‌లో ఉండాల్సిన బండికి వాల్వు లేని ఫిల్టర్ బిగిస్తే, మూసుకుపోయిన రోజు ఇంజిన్‌కి దిక్కు ఉండదు. సైజు కలిసిన కారు ఫిల్టర్ వాడొద్దని మెకానిక్‌లు చెప్పడానికి అసలు కారణం ఇదే: మర కలిసినా ఆ వాల్వు తెరుచుకునే ఒత్తిడి వేరుగా ఉండొచ్చు.

మూడోది, బండి ఆగాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు పొర, యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వు. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో ఉండే బైకుల్లో దీని పని తెలుస్తుంది. నల్లటి నైట్రైల్ రబ్బరు వేడికి కాలక్రమంలో గట్టిపడుతుంది, సిలికాన్ ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది. ఉదయం స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు పైభాగంలో టకటక వినిపించి ఆగిపోతుంటే, మొదట ఈ పొరను అనుమానించండి.

వడపోత నాలుగోది. పెట్టె మీద ‘20 మైక్రాన్లు’ అని ఒక్క అంకె వేస్తే అది సగం మాట. ఆ సైజు నలుసుల్లో ఎన్నిటిని పట్టుకుంటుందో చెప్పాలి. దానికే బీటా నిష్పత్తి. బీటా 2 అంటే రెండు నలుసులు వస్తే ఒకటి దాటిపోతుంది, పట్టు 50 శాతం. బీటా 75 అంటే 75 వస్తే ఒకటే దాటుతుంది, పట్టు 98.7 శాతం. రెండు ఫిల్టర్లకూ ‘20 మైక్రాన్లు’ అనే రాయొచ్చు. ఐఎస్ఓ 4548-12 పరీక్ష ప్రకారం ఫలానా మైక్రాన్ దగ్గర ఇంత శాతం అని రాసిన తయారీదారు మాటకు విలువ ఎక్కువ.

చివరిది, తీయడం బిగించడం ఎంత సులువు. చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎగ్జాస్ట్ గొట్టాల మధ్య ఇరుక్కున్న డబ్బాను జారే చేతులతో తిప్పినవాళ్లకు దాని బరువు తెలుసు.

ఒక్క చూపులో

| రకం | వడపోత | అమరికలో తప్పు జరిగే వీలు | ఎవరికి సరిపోతుంది | ముఖ్యమైన లోపం |
|---|---|---|---|---|
| కంపెనీ ఒరిజినల్ | ఆ ఇంజిన్ ప్రవాహానికి తగినంత | అతి తక్కువ | అందరికీ, ముఖ్యంగా వారంటీలో ఉన్నవాళ్లకు | నకిలీలు ఎక్కువగా దీనికే |
| పేరున్న బయటి బ్రాండ్ కాగితం | దాదాపు సమానం | పార్ట్ నంబరు సరిచూస్తే తక్కువ | ప్రతిసారీ ఫిల్టర్ మార్చేవాళ్లకు | ఓ-రింగులు పెట్టెలో లేకపోవచ్చు |
| సింథటిక్ మీడియా | సన్నని నలుసులపై మెరుగు | తక్కువ | సుదీర్ఘ ప్రయాణాలు, ఎక్కువ గడువు | తొందరగా మార్చేవాళ్లకు ఉపయోగం తెలియదు |
| తల మీద నట్టు ఉన్న స్పిన్-ఆన్ | మీడియాను బట్టి | నట్టుతో అతిగా బిగించే ప్రమాదం | ఇరుకు చోట ఫిల్టర్ ఉన్నవాళ్లకు | నట్టు వెల్డింగు |
| కడిగే స్టీలు జల్లెడ | ముతక | ఓ-రింగులు పాతబడటం | మట్టిదారి, రేసు బండ్లు | కడగడంలో అశ్రద్ధ చెల్లదు |

ఒరిజినల్, బయటి బ్రాండ్ కాగితం

ఈ రెండింటి మధ్య ఊగేవాళ్లే ఎక్కువ. ఒరిజినల్ ఫిల్టర్‌ని చాలాసార్లు బైక్ కంపెనీ తయారు చేయదు, ఫిల్టర్ల కంపెనీయే చేసి ఇస్తుంది. కాబట్టి పేరున్న బయటి బ్రాండ్‌తో నాణ్యతలో అంతరం మనం ఊహించుకునేంత ఉండదు. ఒరిజినల్‌కి ఉన్న అసలు లాభం వేరు: వాల్వు, గాస్కెట్, ఎత్తు గురించి మీరు ఆలోచించనక్కర్లేదు. నకిలీల బెడద మాత్రం దానికే. కాగితపు మడతలు ఎడాపెడా ఉండటం, అంచుల్లో జిగురు ఖాళీలు, మెటల్ మూత చేత్తో నొక్కితే ఆడటం, ప్యాకింగు మీద పార్ట్ నంబరు అచ్చు మసకగా ఉండటం కనిపిస్తే వాడకండి.

ఎలిమెంట్ రకం కొంటుంటే పెట్టెలో మూతకు కావాల్సిన ఓ-రింగ్ ఉందో లేదో చూడండి. కొన్ని మోడళ్లకు రెండు మూడు ఓ-రింగులు ఉంటాయి. ఒక చిన్నది లోపలి ఆయిల్ దారికి. బయట కారకపోవడం వల్ల దాన్ని మర్చిపోయినా తెలియదు, ఆయిల్ ఒత్తిడి మాత్రం తగ్గుతుంది.

సింథటిక్ మీడియా

కాగితంలో పోగులు లావు సన్నం కలిసి ఉంటాయి. గాజు, సింథటిక్ పోగులు సన్నగా, ఒకే తీరుగా ఉండటం వల్ల అదే ప్రవాహంలో సన్నని నలుసులను ఎక్కువగా పట్టుకుని, నిండడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. అయితే ఈ లాభం ఫిల్టర్ చాలాకాలం పనిచేసినప్పుడే బయటపడుతుంది. 3,000 కిలోమీటర్లకే ఆయిల్‌తో పాటు దాన్నీ పారేసేవాళ్లు అదనంగా ఖర్చు పెట్టిన సొమ్ము ఫిల్టర్‌తోనే చెత్తబుట్టలోకి పోతుంది. సింథటిక్ ఫిల్టర్ వేశాం కదా అని మాన్యువల్ గడువు దాటించడం కూడా తప్పే. ఆయిల్‌లోని యాసిడ్లను, కలిసిన పెట్రోలును ఏ ఫిల్టరూ వడకట్టదు.

నట్టు ఉన్న డబ్బా

డబ్బా పైన 17 మి.మీ. నట్టు అతికించి ఉంటుంది. మామూలు స్పానర్ పడితే చాలు, ఊడొస్తుంది. కొన్నింటికి ఆ నట్టులో రంధ్రాలు ఉంటాయి, రేసుల్లో తీగ కట్టడానికి. సౌకర్యం కాదనలేం. కానీ పలుచటి డబ్బా రేకుకు ఆ నట్టును వెల్డింగుతోనే పట్టిస్తారు. బిగించేటప్పుడు నట్టు మీద బలం వాడితే ఆ అతుకు దగ్గర సన్నని పగులు వచ్చి, వేడి ఒత్తిడిలో ఆయిల్ చిమ్మొచ్చు. అది పోయేది వెనక టైరు మీదికి. ఇవి వాడేవాళ్లకు ఒకటే నియమం: నట్టు విప్పడానికి, బిగింపు చేత్తో.

కడిగే స్టీలు జల్లెడ

చాలావరకు ఇవి 35 మైక్రాన్ల దగ్గర ఉంటాయి. రంధ్రాలన్నీ ఒకే కొలత కాబట్టి అంతకు మించిన గుండ్రటి నలుసు దాటదు. అంతకంటే చిన్నవి మాత్రం దాటతాయి, మంచి కాగితం వాటిలో చాలావాటిని ఆపుతుంది. ప్రవాహం బాగుంటుంది, చల్లటి ఆయిల్‌కి అడ్డు తక్కువ. మట్టిదారుల బండ్లు, ముఖ్యంగా లీటరు పైచిలుకు ఆయిల్ మాత్రమే పట్టే రేసు సింగిళ్లు, కొన్ని గంటల పరుగుకే ఆయిల్ మారుస్తాయి. వాటికిది తగినది. ప్రతిసారీ వెలుతురుకు పట్టి చూస్తే ఇంజిన్ లోపలి సంగతి చెబుతుంది కూడా. రోజువారీ బండికి సిఫారసు చేయం. ఏడాదికి రెండుసార్లు కడిగే చోట ఆదా నామమాత్రం. సరిగా కడగకపోతే మురికిని తిరిగి ఇంజిన్‌కే అప్పగిస్తారు. కడగడానికి ద్రావకం, మెత్తని బ్రష్ వాడండి. కంప్రెసర్ గాలిని లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టండి. వైరు నేత ఒక్కచోట విడిపోయినా పారేయాల్సిందే.

మీ వాడకం ఎలాంటిది

రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండికి శత్రువు మైక్రాన్లు కాదు, తేమ. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోవడం వల్ల లోపలి నీటి ఆవిరి, మండని పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. వీళ్లకు మామూలు కాగితపు ఫిల్టర్ చాలు. కిలోమీటర్లు పూర్తికాకపోయినా మాన్యువల్ చెప్పిన నెలల గడువుకు మార్చండి.

హైవేల మీద వేల కిలోమీటర్లు నడిపేవాళ్లకు సింథటిక్ మీడియా అర్థవంతం. బండిని నెలల తరబడి నిలిపేవాళ్లు సిలికాన్ డ్రెయిన్‌బ్యాక్ ఉన్నది చూసుకోండి. నిలపబోయే ముందే ఆయిల్ మార్చండి, తీసేటప్పుడు కాదు. పాత ఆయిల్‌లోని యాసిడ్లు బేరింగులను ఆ నెలలంతా తింటూ కూర్చోవడం ఎందుకు? వారంటీలో ఉన్నవాళ్లు బిల్లులు, తేదీ, ఓడోమీటర్ ఫోటో దాచుకోండి.

ప్రతి ఆయిల్ మార్పుకూ ఫిల్టర్ కావాలా అంటే, మాన్యువల్ రెండోసారికోసారి చాలంటే చాలు. ఒక లెక్క మాత్రం చూడండి. హోండా సీబీ500ఎఫ్‌కి ఫిల్టర్ మార్చకుండా 2.5 లీటర్లు, మారిస్తే 2.7 లీటర్లు పడుతుంది. మార్చకపోతే సుమారు 0.2 లీటర్ల పాత మురికి ఆయిల్, అంటే మొత్తంలో దాదాపు 7 శాతం, కొత్తదాంట్లో కలిసిపోతుంది. చిన్న ఇంజిన్లో ఆయిలే తక్కువ కాబట్టి ఫిల్టర్‌ని ప్రతిసారీ మార్చడం పెద్ద భారం కాదు, మేం అదే చెబుతాం.

ఆయిల్ గురించి రెండు మాటలు

చాలా బైకుల్లో ఇంజిన్, గేర్లు, తడి క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) గుర్తు ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అంటే ఘర్షణ తక్కువ, అది డ్రై క్లచ్ ఉన్న స్కూటర్లకు. దాన్ని గేరు బైకులో పోస్తే ఇంజిన్ వేగం పెరుగుతుంది, బండి మాత్రం అందుకోదు, అంటే క్లచ్ జారుతోందని అర్థం. ఇంధనం ఆదా అని రాసిన కార్ల ఆయిళ్లతోనూ అదే ఇబ్బంది. 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అన్న గ్రేడు మాన్యువల్ చెప్పిందే పోయండి.

మార్చే పని

కావాల్సినవి: మీ డ్రెయిన్ బోల్ట్‌కి సరిపోయే సాకెట్ లేదా రింగ్ స్పానర్ (ఫిక్స్‌డ్ స్పానర్ తల అంచులు తినేస్తుంది), టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), ఇంజిన్ ఆయిల్ కంటే ఎక్కువ పట్టే వెడల్పాటి ట్రే, గరాటు, కొలత గీతలున్న జగ్గు, కొత్త వాషర్, ఫిల్టర్, నైట్రైల్ గ్లవ్స్, గుడ్డలు. వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు, గ్లవ్స్ వేసుకునే మొదలుపెట్టండి.

1. ఇంజిన్‌ని మూడు నుంచి ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ మురికితో కలిసి సులువుగా దిగుతుంది. బండి తిరిగొచ్చిన వెంటనే మాత్రం వద్దు, కాలుతుంది.
2. ముందు ఆయిల్ పోసే మూత విప్పండి. అది రాకపోతే ఖాళీ చేసిన బండితో ఇరుక్కుపోతారు.
3. డ్రెయిన్ బోల్ట్ ఏదో ఖాయం చేసుకోండి. కొన్ని ఇంజిన్ల కింద రెండు ఉంటాయి. కొన్నింట్లో పెద్ద షడ్భుజి మూత వెనక జల్లెడ, స్ప్రింగు ఉండి విప్పగానే దూకుతాయి. తీసిన వరుసలో గుడ్డ మీద పేర్చండి.
4. బోల్ట్‌ని లోపలికి నొక్కుతూ తిప్పి, చివర్లో చటుక్కున పక్కకు లాగండి. పది నిమిషాలు కారనివ్వండి.
5. ఫిల్టర్ తీయండి. డబ్బా కింద ఎగ్జాస్ట్ గొట్టం ఉంటే అల్యూమినియం ఫాయిల్ మడిచి కాలువలా పెట్టండి. తీశాక ఇంజిన్ ముఖం మీద వేలితో తడమండి: పాత గాస్కెట్ అక్కడే అతుక్కుని ఉందా? దానిమీదే కొత్తది బిగిస్తే మొదట కారదు. ఒత్తిడి ఎక్కాక పాత రింగు పక్కకు జారి, నిమిషంలో ఇంజిన్ ఖాళీ అవుతుంది.
6. డబ్బా అయితే రబ్బరు రింగుకు కొత్త ఆయిల్ రాసి, చేత్తో తాకేదాకా తిప్పండి. అక్కడి నుంచి సాధారణంగా ముప్పావు చుట్టు.
7. ఎలిమెంట్ అయితే దిశ చూడండి. కొన్ని హోండా సింగిళ్ల ఎలిమెంట్ మీద ‘అవుట్‌సైడ్’ అని రాసి ఉంటుంది, ఆ ముఖం బయటికి. తిరగేస్తే ఇంజిన్ తీవ్రంగా దెబ్బతింటుందని ఆ మాన్యువలే హెచ్చరిస్తుంది. స్ప్రింగు కొన్నింట్లో ఇంజిన్ వైపు, కొన్నింట్లో మూత వైపు. విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకుంటే వాదనే ఉండదు. మూత బోల్ట్‌లు చిన్నవి, ఎం6 అయితే సుమారు 10 న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి కొలత) చాలు.
8. కొత్త రాగి లేదా అల్యూమినియం వాషర్‌తో డ్రెయిన్ బోల్ట్‌ని మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పండి. అడ్డం పడితే ఆపి, మళ్లీ మొదలుపెట్టండి.
9. మాన్యువల్‌లో మూడు కొలతలుంటాయి: ఆయిల్ మాత్రమే, ఫిల్టర్‌తో, ఇంజిన్ విప్పాక. మీకు కావాల్సింది రెండోది. అందులో పదింట తొమ్మిది వంతులు పోసి మూత పెట్టండి.
10. స్టార్ట్ చేయండి, రేసు చేయకండి. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరాలి. పది సెకన్లయినా ఆరకపోతే వెంటనే ఆపండి.
11. రెండు మూడు నిమిషాలు ఆగి, బండిని నిటారుగా నిలిపి లెవల్ చూడండి. డిప్‌స్టిక్‌ని మర తిప్పి చూడాలా, ఊరికే ముంచాలా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. తప్పు పద్ధతిలో చూస్తే అర లెవల్ తేడా వస్తుంది. మిగిలింది కొద్దికొద్దిగా పోయండి.

బిగింపు అంకెల విషయంలో అంచనా పనికిరాదు. హోండా సీబీ500ఎఫ్, యమహా ఎంటీ-07 రెండింటికీ హైఫ్లో అనే బయటి బ్రాండ్ హెచ్ఎఫ్204 ఫిల్టరే సరిపోతుంది. అయినా మొదటిదానికి ఫిల్టర్ 26, డ్రెయిన్ బోల్ట్ 30 న్యూటన్ మీటర్లు. రెండోదానికి ఫిల్టర్ 17, బోల్ట్ 43. ఒకదాని అలవాటుతో ఇంకోదాన్ని బిగించేవాళ్లే వదులుగా వదిలేస్తారు, లేదా అల్యూమినియం కేసులోని మర తినేస్తారు. మర పోతే హెలికాయిల్ (పాడైన మర స్థానంలో కూర్చోబెట్టే తీగచుట్ట) వేయించాల్సిందే, టేపు చుట్టి గట్టెక్కలేరు.

ఎక్కువ పోయడం ‘ఇంకొంచెం మంచిదే’ అనుకునే పని కాదు. క్రాంక్ ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. నురగను పంపు సరిగా నెట్టలేదు. మిగులు ఆయిల్ బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే దారి) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది. గీత దాటితే సిరంజికి సన్నటి గొట్టం తొడిగి మూత దగ్గర నుంచి పీల్చేయండి.

డబ్బా ఊడకపోతే మొదట సరైన కప్పు రెంచ్, తర్వాత గొలుసు రకం. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పడం చివరి ప్రయత్నం. రేకు చిరిగితే పట్టుకునే చోటే మిగలదు.

పాత ఆయిల్‌ని కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పోసి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. కాలువలోకో నేల మీదికో వద్దు. ఫిల్టర్‌ని ఒక రాత్రి తలకిందులుగా కారనిచ్చి ఇవ్వండి.

యాభై కిలోమీటర్లు తిరిగాక కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి, లెవల్ మళ్లీ సరిచూడండి.

ఈలోగా పాత ఎలిమెంట్ చేతిలోనే ఉంది కాబట్టి దాని మడతలు తెరిచి, మంచి వెలుతురులో చూడండి. బూడిదరంగు పొడి, అక్కడక్కడ మెరుపు మామూలే, ముఖ్యంగా మొదటి సర్వీసులో. గోధుమరంగు నారలాంటి ముక్కలు క్లచ్ ప్లేట్లవి. అయస్కాంతానికి అంటుకునే రేకులు గేర్ల నుంచో బేరింగు బంతుల నుంచో వస్తాయి. రాగిరంగు రేకులు బుష్ లేదా బేరింగు పొరవి కావచ్చు. గోరుకు తగిలేంత పెద్ద ముక్క కనిపిస్తే దాన్ని కాగితంలో చుట్టి, ఆ బండి తొక్కకుండానే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.